ఆదివారం ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు: సంఘ చరిత్ర నేర్పే పాఠం



ఆత్మకూర్ (ఎస్) మండలంలో ఏ ఊరి సంఘ పెద్దలతో కూర్చున్నా ఈ మధ్య ఒక మాట తప్పకుండా వస్తుంది. "అయ్యగారూ, మునుపటిలా జనం వస్తలేరు" అంటారు. క్రిస్మస్‌కు మందిరం పట్టదు. ఈస్టర్‌కు తెల్లవారుజామునే నిండుతుంది. నాట్ల కాలంలో, పత్తి తీసే కాలంలో ముందు రెండు వరుసలకు మించి మనుషులు ఉండరు. చదువుకున్న పిల్లలు హైదరాబాదులో ఉంటారు. ఊళ్ళో మిగిలిన వారిలో కొందరు ఫోన్‌లోనే వాక్యం విని సరిపెట్టుకుంటారు. దాంతో కొన్ని చోట్ల పెద్దలు ఇంకో మాట కూడా అంటున్నారు. రాని వారి పేర్లు చదవాలట, వారి ఇంట పెండ్లికైనా సమాధికైనా సంఘం ముందుకు రాకూడదట.

ఈ మాటను తేలికగా తీసుకోలేం. అందుకే ఈ వారం ఒక వాక్యం ఎత్తుకుని ప్రసంగంలా రాయకుండా, సంఘ చరిత్రనే మీ ముందు పెట్టాలనుకున్నాను. ఆరాధనకు జనం వచ్చిన కాలాలు ఉన్నాయి, రాని కాలాలు ఉన్నాయి, బలవంతంగా రప్పించిన కాలాలు కూడా ఉన్నాయి. అవన్నీ చూశాక మన పెద్దల ప్రశ్నకు జవాబు వెతుకుదాం.

సెలవు లేని ఆదివారం

మొదటి క్రైస్తవులకు ఆదివారం సెలవు దినం కాదు. రోమా సామ్రాజ్యంలో అది మామూలు పని దినమే. సుమారు క్రీ.శ. 112లో బితూనియ ప్రాంతపు అధిపతి ప్లినీ, చక్రవర్తి ట్రాజన్‌కు ఒక ఉత్తరం రాశాడు. ఆ ప్రాంతం నేటి టర్కీ ఉత్తర భాగంలో ఉంది. క్రైస్తవులు ఒక నియమిత దినాన తెల్లవారకముందే కూడుకుని క్రీస్తును కీర్తిస్తారని, దొంగతనం, వ్యభిచారం చేయమని, ఇచ్చిన మాట తప్పమని ప్రమాణం చేస్తారని, తరువాత మళ్ళీ కలిసి భోజనం చేస్తారని అందులో తెలియజేశాడు. తెల్లవారకముందే ఎందుకు? తెల్లవారితే యజమాని పనికి పిలుస్తాడు కాబట్టి. వారిలో చాలామంది బానిసలు, కూలివారు. సంగతి రాబట్టడానికి ప్లినీ హింస పెట్టించిన ఇద్దరు కూడా బానిస స్త్రీలే. సంఘంలో వారు పరిచారకులని పేరున్నవారు.

అప్పుడు మందిరాలు లేవు, ఇళ్ళలోనే కూడుకునేవారు. సిరియా దేశంలోని దూరా యూరోపోస్ అనే పట్టణంలో మూడవ శతాబ్దపు ఇంటి సంఘం ఒకటి తవ్వకాల్లో బయటపడింది. రెండు గదుల మధ్య గోడ తీసేసి కూడిక స్థలంగా మార్చుకున్నారు. అందులో డెబ్బై మంది వరకు పడతారు. అంటే మన పల్లె సంఘం ఎంతో అదీ అంతే. ఆ చిన్న సంఘాల ప్రభావమో? గుళ్ళు బోసిపోయాయని, బలి మాంసం కొనేవారు కరువయ్యారని ప్లినీయే అదే ఉత్తరంలో రాశాడు. లెక్కకు కొద్దిమంది, ప్రభావానికి చాలామంది. ఈ సంగతి గుర్తుంచుకోండి, దీనితో మళ్ళీ పని పడుతుంది.

చట్టం నింపిన మందిరాలు

313లో కాన్‌స్టంటైన్ కాలంలో హింస ఆగింది. 321లో అతడు ఆదివారం విశ్రాంతి దినంగా ఉండాలని శాసనం చేశాడు. న్యాయస్థానాలు మూయాలి, పట్టణంలో వృత్తి పనివారు పని ఆపాలి. అయితే అందులో ఒక మినహాయింపు ఉంది. విత్తే అదను, కోసే అదను తప్పిపోకూడదని పల్లెల్లో వ్యవసాయం చేసేవారు పని చేసుకోవచ్చు అన్నారు. ఆదివారం సెలవు చరిత్రలో మొట్టమొదట పట్నానికి దొరికింది గానీ పల్లెకు దొరకలేదన్న మాట. మన నాట్ల కాలపు సమస్య పదిహేడు వందల ఏండ్ల నాటిది.

380లో థియొదోసియ చక్రవర్తి క్రైస్తవ్యాన్ని రాజమతం చేశాడు. ఇక మందిరానికి రావడం ప్రాణానికి ముప్పు కాదు, గౌరవం. జనం నిండారు. కానీ ప్రతివారూ సంవత్సరానికి ఒక్కసారైనా పాపములు ఒప్పుకుని, ఈస్టర్‌కు ప్రభువు బల్లలో పాలుపొందాలని 1215లో లాటరన్ సభ ఆజ్ఞ ఇవ్వాల్సి వచ్చింది. యూరప్ అంతా బాప్తిస్మం పొందిన కాలంలో సంవత్సరానికి ఒక్కసారి రమ్మని చట్టం చేయవలసి వచ్చిందంటే సంగతి అర్థమవుతుంది కదా.

ఇంగ్లాండులో 1559లో ఇంకా గట్టి చట్టం తెచ్చారు. ఆదివారం మందిరానికి రాకపోతే పన్నెండు పెన్నీల జరిమానా. అప్పట్లో కూలివానికి అది చిన్న మొత్తం కాదు. అలా జరిమానాలతో నడిచిన దేశంలో మూడు వందల ఏండ్ల తరువాత ఏమైంది? 1851 మార్చి 30, ఆదివారం నాడు ఇంగ్లాండు, వేల్సులలో మందిరాలకు వచ్చిన వారిని ప్రభుత్వమే లెక్కించింది. జనాభా సుమారు కోటి 79 లక్షలు. వృద్ధులను, రోగులను, చంటిబిడ్డలను, పనిలో ఉండక తప్పని వారిని తీసేసినా, రాగలిగి ఉండి రానివారు 52 లక్షలకు పైనే అని తేలింది. దేశమంతా ఉలిక్కిపడింది.

ఆ లెక్కల నివేదిక రాసిన హొరేస్ మాన్, రానివారు ఎవరని కూడా చూశాడు. ఎక్కువమంది ఫ్యాక్టరీ పట్టణాల శ్రామికులు. మందిరాల్లో మంచి బల్లలు అద్దె కట్టిన కుటుంబాలవి. పేదవాడికి వెనుక మూల చోటు. చినిగిన బట్టలతో వచ్చి అక్కడ కూర్చోవడం అవమానంగా తోచి వారు రావడం మానుకున్నారు. జరిమానా వారిని కొంతకాలం తెచ్చింది. అవమానం వారిని శాశ్వతంగా పంపేసింది.

మన తెలుగు నేల మీద

అదే కాలంలో తెలుగు దేశంలో సంగతి చూడండి. 1836లో శామ్యూల్ డే అనే అమెరికన్ బాప్తిస్టు మిషనరీ వచ్చాడు. 1840లో నెల్లూరులో స్థిరపడ్డాడు. పదమూడేండ్లు గడిచినా విశ్వాసులు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే. 1853లో అమెరికాలో ఆ మిషన్ పెద్దలు కూర్చుని, ఈ తెలుగు పనిని మూసేద్దామా అని ఆలోచించారు. పటంలో ఒంటరిగా కనిపించే ఆ స్థలానికి 'ఒంటరి నక్షత్రం' అని పేరు వచ్చింది అప్పుడే. హాజరు చూసి నిర్ణయం తీసుకుని ఉంటే ఈ రోజు మన సంఘాలు ఎక్కడ?

1854 జనవరి 1 తెల్లవారుజామున లైమన్ జ్యూయెట్, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలు దగ్గర ఒక కొండ ఎక్కి ప్రార్థించారు. మొత్తం అయిదుగురు. ఆ కొండనే ఇప్పుడు ప్రార్థన కొండ అంటున్నాం. 1867 జనవరి 1న జాన్ క్లౌ ఒంగోలులో సంఘం స్థాపించినప్పుడు సభ్యులు ఎనిమిది మంది.

ఆ పని పల్లెలకు పాకింది ఒక తెలుగు మనిషి వలన. ఆయన యెర్రగుంట్ల పేరయ్య. మాదిగ కుటుంబీకుడు, తోళ్ళ వ్యాపారం మీద ఊళ్ళు తిరిగేవాడు. 1866లో బాప్తిస్మం పొంది, తిరిగిన ప్రతి ఊళ్ళో తన చుట్టాలకు, తన వృత్తివారికి యేసును గూర్చి చెప్పాడు. ఆ కొత్త విశ్వాసులు పాటించవలసిన సంగతులు ముఖ్యంగా మూడు. విగ్రహాలకు మొక్కకూడదు. చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. ఆదివారం పని చేయకూడదు.

మూడవది వినడానికి తేలిక. కానీ ఊరి పెత్తందారు చెప్పిన పని చెప్పిన దినాన చేయవలసిన మాదిగవాడు "ఆదివారం రాను" అంటే ఏమౌతుంది? జాతరకు డప్పు కొట్టను అంటే ఏమౌతుంది? కొట్టారు, బావి నీళ్ళు ఆపారు, పని ఇవ్వలేదు. వారికి ఆరాధనకు హాజరు కావడం అలవాటు కాదు, అది సాక్ష్యం. తరతరాలుగా వారంలో ఒక్క దినం కూడా తనదని చెప్పుకోలేని మనిషి మొదటిసారి "ఈ దినం నా ప్రభువుది" అన్నాడు. మన తాతలకు ఆదివారం కష్టపడి సంపాదించుకున్న దినం. దాన్ని వారసత్వంగా పొందిన మనం దాని వెల మరిచిపోకూడదు.

1876 నుండి 1878 వరకు ఘోరమైన కరువు. క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం పనిని గుత్తకు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. బోధకులు మేస్త్రీలుగా ఉండి సాయంత్రం వాక్యం చెప్పేవారు. బాప్తిస్మం అడిగినవారు వేలమంది. కానీ కరువు సాయం నడిచినంత కాలం క్లౌ బాప్తిస్మాలు ఇవ్వలేదు. కూడు కోసం వచ్చారన్న మాట వారికి గానీ సంఘానికి గానీ రాకూడదని. సాయం ముగిశాక కూడా వారు వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటి ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క దినాన 2,222 మంది బాప్తిస్మం పొందారు. ముందురోజు, తరువాతి రోజు కలుపుకుంటే మూడు దినాల్లో 3,536 మంది. నీళ్ళలో నిలబడి బాప్తిస్మం ఇచ్చింది తెల్లదొరలు కాదు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున మారుతూ ఇచ్చారు.

ఎనిమిది మంది సంఘం పన్నెండేండ్లలోపే పదివేలు దాటింది. 1853 నాటి పట్టిక చూసినవాడు ఇది ఊహించగలడా?

నల్గొండ, సూర్యాపేట

అది కోస్తా సంగతి. మనది నిజాం ఇలాకా. ఇక్కడికి సువార్త తెచ్చినవారిలో ఒక విచిత్రమైన గుంపు ఉంది. దక్షిణ రష్యాలో, అంటే నేటి ఉక్రెయిన్‌లో, గోధుమ పండించుకునే మెన్నొనైట్ బ్రదరన్ రైతులు తమ పంట డబ్బుతో అబ్రహాం ఫ్రీసెన్‌ను, ఆయన భార్య మరియను 1889లో పంపారు. వారు అమెరికన్ బాప్తిస్టు మిషన్‌తో కలిసి 1890 ప్రాంతంలో నల్గొండలో పని మొదలుపెట్టారు. వారి వెనుకే వచ్చిన అబ్రహాం హ్యూబెర్ట్ ఇరవయ్యో శతాబ్దం మొదట్లో సూర్యాపేటలో మిషన్ స్థలం నెలకొల్పాడు. మన మండలం పేరులో ఉన్న 'ఎస్' ఆ సూర్యాపేటే.

1914 యుద్ధంతో, 1917 విప్లవంతో రష్యా నుండి వచ్చే డబ్బు ఆగిపోయింది. పంపిన రైతుల భూములే పోయాయి. పంపిన సంఘాలు చెదిరిపోయాయి, ఇక్కడ నాటిన సంఘాలు నిలబడ్డాయి. ఇది మరువవద్దు. సువార్త దీపం ఒక దేశంలో తగ్గేటప్పుడు ఇంకో దేశంలో వెలుగుతుంది.

అప్పటి మన పల్లెల్లో వెట్టి ఉండేది. దొరగడీకి, పటేల్ పట్వారీలకు కూలి లేని చాకిరీ. కబురు వస్తే చేతిలో ముద్ద వదిలి పోవాలి. అలాంటి చోట పగటి ఆరాధన ఎలా కుదురుతుంది? అందుకే గూడెంలో రాత్రి కూడికలు. పని నుండి వచ్చి, గంజి తాగి, కిరసనాయిలు దీపం దగ్గర చేరేవారు. పుస్తకం చదవలేరు కాబట్టి పాట నేర్చుకునేవారు. పంతులు పగలు పిల్లలకు అక్షరాలు చెప్పి, రాత్రి పెద్దలకు వాక్యం చెప్పేవాడు. బైబిలు స్త్రీలు ఇంటింటికీ తిరిగి తల్లులకు కథలుగా చెప్పేవారు. ప్లినీ నాటి తెల్లవారుజాము కూడికకు, మన గూడెం రాత్రి కూడికకు తేడా ఏముంది? ఇద్దరిదీ యజమాని కన్ను మూసిన గడియే.

దోర్నకల్ పాఠం

మన పొరుగునే, నేటి మహబూబాబాద్ జిల్లాలో దోర్నకల్ ఉంది. తిరునల్వేలి నుండి వచ్చిన తమిళుడు వి.ఎస్. అజరయ్య 1909లో అక్కడికి చేరి తెలుగు నేర్చుకున్నాడు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్‌గా అభిషేకం పొందాడు. ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ ఆయనే. 1945 జనవరి 1న చనిపోయేవరకు, ముప్పై రెండేండ్లు, దోర్నకల్‌కే కాపరి.

ఎద్దుల బండ్ల మీద, సైకిళ్ళ మీద ఊరూరా తిరిగాడు. బాప్తిస్మం పొందిన ప్రతివానికీ తానూ సువార్తికుడినే అన్న సంగతి గుర్తు చేసేవాడు. సంవత్సరానికి ఒక వారం సాక్ష్యానికి ప్రత్యేకించి సామాన్య విశ్వాసులను పొరుగు ఊళ్ళకు పంపేవాడు. మాల, మాదిగల బ్రతుకులు మారడం కళ్ళారా చూసి ఇతర కులాల వారు కూడా సంఘంలో చేరడం 1930లలో ఎక్కువైంది. తాగుడు తగ్గిన ఇల్లు, బడికి పోయే ఆడపిల్ల, అప్పు తీర్చిన మనిషి ఊరి ముందు ప్రసంగం చేశారు.

దోర్నకల్ మహా దేవాలయం ఎప్పుడు ప్రతిష్ఠ అయిందో తెలుసా? 1939లో. అంటే అజరయ్య బిషప్ అయిన ఇరవై ఆరేండ్లకు. ముందు మనుషులు, తరువాత కట్టడం.

1933లో జె. వాస్కం పికెట్ అనే మిషనరీ ఈ సామూహిక ఉద్యమాల మీద పెద్ద పరిశీలన చేసి పుస్తకం అచ్చు వేశాడు. తెలుగు ప్రాంతాలు కూడా అందులో ఉన్నాయి. వీరు ఏ ఆశతో వచ్చారన్న ప్రశ్న అప్పుడు అందరూ వేసేదే. పికెట్ తేల్చిందేమంటే, ఎందుకు వచ్చారన్న దాని కంటే వచ్చిన తరువాత వారిని ఎలా నేర్పారు, ఎలా కాచారు అన్నదే వారి విశ్వాస జీవితాన్ని ఎక్కువగా నిర్ణయించింది. కాపరి ఉన్న ఊరిలో సంఘం ఎదిగింది. బాప్తిస్మం ఇచ్చి వదిలేసిన ఊరిలో చల్లారింది.

లెక్కల్లో తగ్గిన సంఘం

1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. 1962లో తెలుగు బాప్తిస్టు సంఘాల సమాఖ్య, మనం సమావేశం అని పిలిచేది, ఏర్పడింది. 1976లో నల్గొండ కతోలిక మేత్రాసనం వచ్చింది. పంజాబులో సిక్కు కుటుంబంలో పుట్టిన భక్తసింగ్ 1950లో హైదరాబాదులో హెబ్రోను ప్రారంభించాడు. అక్కడి పరిశుద్ధ సమాజ కూడికలకు మన పల్లెల నుండి మూట కట్టుకుని పోయినవారు ఎందరో. అక్కడ ఏ కులమైనా ఒకే వరుసలో కింద కూర్చుని తినేవారు. ఇంగ్లాండులో అద్దె బల్ల పేదవాణ్ణి తరిమితే, ఇక్కడ ప్రేమవిందు చాప పేదవాణ్ణి పిలిచింది.

అదే 1950లో ఇంకొకటి జరిగింది. షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు ప్రకారం హిందువులు కానివారికి ఆ హోదా ఉండదన్నారు. తరువాత 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ హోదా ఇచ్చారు, క్రైస్తవులకు ఇవ్వలేదు. మన రాష్ట్రంలో క్రైస్తవులైన దళితులను బీసీ-సి కింద చేర్చారు, రిజర్వేషన్ ఒక్క శాతం.

ఇప్పుడు జనాభా లెక్కలు చూడండి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులు 1971లో 4.19 శాతం. 1981లో 2.68. 1991లో 1.83. 2001లో 1.55. 2011లో 1.34 శాతం. మనుషుల లెక్కలో 18 లక్షల పైచిలుకు నుండి 11 లక్షల పైచిలుకుకు దిగింది. ఆ నలభై ఏండ్లలోనే మన చుట్టుపక్కల కొత్త మందిరాలు లేచాయి, ఉపవాస ప్రార్థనలు పెరిగాయి, స్వతంత్ర సంఘాలు వచ్చాయి. కాగితం మీద తగ్గుతూ ఉంది, ఆదివారం నాడు కనబడుతూ ఉంది.

ఈ తేడాకు ఒక్కటే కారణం అని చెప్పను. కానీ బిడ్డ చదువు, ఉద్యోగం, ఇంటి స్థలం ఒక ధ్రువపత్రం మీద ఆధారపడి ఉన్నప్పుడు, తల్లిదండ్రులు లెక్కలవాని ముందు ఏం చెప్పాలో తెలియక నలిగిపోయిన ఇండ్లు మన సంఘాల్లో ఉన్నాయని అందరికీ తెలుసు. వారిని వేలెత్తి చూపడం తేలిక. వారి మీద ఆ భారం ఎలా పడిందో తెలుసుకోవడం కాపరి పని.

లోకం ఎటు పోతుంది

అమెరికాలో గ్యాలప్ సంస్థ లెక్క ప్రకారం 1937లో నూటికి 73 మంది ఏదో ఒక ఆరాధనా స్థలంలో సభ్యులు. 1999లో 70. 2020 నాటికి 47. మనకు మిషనరీలను పంపిన దేశంలో సగం కంటే తక్కువకు దిగడం ఇదే మొదటిసారి. ఆఫ్రికాలోనేమో 1900లో సుమారు కోటి మంది ఉన్న క్రైస్తవులు నేడు 60 కోట్లు దాటారు. రష్యా రైతుల సంగతి చూసినవారికి ఇది కొత్త కాదు.

మన దగ్గర 2020 మార్చిలో తలుపులు మూతపడ్డాయి. ఆ ఏడు మట్టల ఆదివారం, ఈస్టర్ ఇండ్లలోనే జరిగాయి. జూన్ 8న మందిరాలు తెరిచే అనుమతి వచ్చింది. ఆ నెలల్లో ఫోన్ మనకు మేలు చేసింది, కాదనను. మంచం పట్టిన అవ్వకు, సౌదీలో ఉన్న కొడుకుకు, రాత్రి డ్యూటీ చేసే బిడ్డకు ఇప్పటికీ మేలు చేస్తుంది. ఈ మాటలు మీరు చదువుతున్నదీ ఫోన్‌లోనే కదా.

అయితే ఒక్క సంగతి. హెబ్రీ పత్రిక పదవ అధ్యాయంలో, కూడుకోవడం మానేయవద్దని చెప్పిన చోటే ఒకరినొకరు ధైర్యపరచుకోండని కూడా ఉంది. ఫోన్ నాకు ప్రసంగం వినిపిస్తుంది. నా ముఖం చూసి "ఏమైంది బిడ్డా" అని అడగదు. నా పక్కన కూర్చున్న ముసలాయన చొక్కాకు చెమట వాసన ఉంటుంది, ఆయన పాట శ్రుతి తప్పుతుంది. ఆయనతో కలిసి రొట్టె విరవడమే సంఘం. గూడెంలో దీపం దగ్గర చేరినవారు మంచి ప్రసంగం కోసం మాత్రమే చేరలేదు. పగలంతా "ఒరే" అని పిలిపించుకున్నవారు రాత్రి అక్కడ "అన్నా", "అక్కా" అని పిలుచుకోవడానికి చేరారు.

అయితే పెద్దల ప్రశ్నకు జవాబు?

చరిత్రలో చూసినదాన్ని బట్టి నాలుగు మాటలు చెబుతాను.

మొదటిది: జరిమానాతో, పేర్లు చదవడంతో, సమాధి దగ్గర ముఖం చాటేయడంతో సంఘం నిండదు. 1559 ఇంగ్లాండు ఆ దారి పోయింది, 1851లో ఫలితం చూసింది. రాని ఇంటివాడు చనిపోయిన దినాన సంఘం ఆ వాకిట్లో నిలబడితే ఆ పిల్లలకు తిరిగి వచ్చే దారి ఉంటుంది. నిలబడకపోతే ఆ తలుపు మనమే మూసినట్టు.

రెండవది: ఎంతమంది వచ్చారని కాదు, ఎవరు రాలేదు, ఎందుకు రాలేదు అని అడగాలి. లూకా పదిహేనవ అధ్యాయంలో కాపరి తొంభైతొమ్మిది గొర్రెల హాజరు చూసి తృప్తిపడలేదు. ఒకటి తప్పిందని ఆయనకు ఎలా తెలిసింది? ఒక్కొక్కదాన్ని ఎరిగి ఉన్నాడు గనుక. పత్తి కూలికి పోయిన అక్క, అప్పు వల్ల సిగ్గుపడే తమ్ముడు, మందిరంలో ఎవరో అన్న మాటకు నొచ్చుకున్న వదిన, వీరందరికీ కారణం ఒకటి కాదు, మందూ ఒకటి కాదు.

మూడవది: పల్లె వేళను పట్టి కూడిక పెట్టాలి. ఉదయం పదకొండు గంటలు సీనాయి కొండ మీద ఇచ్చిన వేళ కాదు. నాట్ల నెలలో తెల్లవారుజామున, లేదా రాత్రి ఏడింటికి పెట్టుకుంటే మన తాతల పద్ధతికే తిరిగి పోయినట్టు. అట్లాగే రైతు సోదరులకు ఒక మాట. మీ పొలంలో కూలికి వచ్చే విశ్వాసికి ఆదివారం ఒక పూట విడిచిపెట్టండి. ఒకప్పుడు మనవారు దెబ్బలు తిని సంపాదించుకున్న దినాన్ని ఇప్పుడు మన చేతులతోనే ఇంకొకరి దగ్గర తీసుకోకూడదు.

నాల్గవది: లెక్క తగ్గిందని గుండె జారవద్దు, పెరిగిందని మిడిసిపడవద్దు. ప్రార్థన కొండ మీద అయిదుగురే. పట్టణం నిండా బాప్తిస్మం పొందినవారున్న చోట బల్ల దగ్గరికి సంవత్సరానికి ఒక్కసారీ రాలేదు. సంఘ ప్రభావం కుర్చీల్లో కంటే సోమవారం కనబడుతుంది. మన మందిరం పక్క ఇంటివాడు, క్రైస్తవుడు కానివాడు, కష్టం వస్తే మన తలుపు తడుతున్నాడా? అదే ప్లినీ చూసిన ప్రభావం, అదే దోర్నకల్ చూసిన ప్రభావం.

హైదరాబాదులో ఉండి ఇది చదువుతున్న బిడ్డలారా, మీకూ ఒక మాట. అక్కడ మీకు దగ్గరలో ఏ సంఘమైనా సరే, పేరు పెట్టి పిలిచే చోట చేరండి. పండుగకు ఊరికి వచ్చినప్పుడు అమ్మానాన్నలతో కలిసి మందిరానికి రండి. ముందు రెండు వరుసల్లో కూర్చున్న ఆ ముసలివారే మీరు లేని ఆదివారాల్లో మీ పేర్లు చెప్పి ప్రార్థిస్తున్నారు.

ప్రార్థన చేసుకుందాం. పరలోకమందున్న తండ్రీ, తెల్లవారకముందు నిన్ను వెదకిన బానిసలను, రాత్రి దీపం దగ్గర నిన్ను పాడిన మా తాతలను నీవు ఎరిగి ఉన్నావు. వచ్చినవారిని బలపరచు. రానివారి దగ్గరికి మా కాళ్ళను నడిపించు. లెక్కపెట్టే మనసు తీసి కాచే మనసు మాకు దయచేయి. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.

వచ్చే ఆదివారం వచ్చేటప్పుడు రెండు మూడు వారాలుగా కనబడని ఒక్కరి ఇంటి మీదుగా రండి. పిలవడం మాత్రమే కాదు, ముందు వారి ఇంట కాసేపు కూర్చోండి.